అత్తి జాతుల ఆకుల్లో సున్నపు గడ్డలను చూసి గుర్తుపట్టడం ఎలా?

మర్రి, రావి, మేడి, రబ్బరు మొక్క... అన్నీ ఫైకస్ (అత్తి) ప్రజాతిలోవే. కాయ లేని కొమ్మ ఒక్కటే చేతికొస్తే అది ఏ జాతిదో తేల్చడం తలనొప్పి. అప్పుడు ఆకు లోపలి సున్నపు గడ్డలు కొంత దారి చూపిస్తాయి. వీటిని సిస్టోలిత్‌లు అంటారు.

కొత్తవాళ్లు రబ్బరు మొక్కతో మొదలుపెట్టండి. దాని ఆకు మందం, గడ్డలు పెద్దవి. ముదిరిన ఆకే కోయండి, లేతదాంట్లో గడ్డ ఇంకా పూర్తిగా తయారై ఉండదు. కారే పాలు కొందరి చర్మానికి పడవు, వెంటనే కడిగేయండి.

చిన్న ఆకు ముక్కను చీల్చిన క్యారెట్ మధ్య ఇరికించి, కొత్త బ్లేడుతో అడ్డంగా పల్చటి పొరలు తీయండి. పది తీస్తే రెండు పనికొస్తాయి, టెన్షన్ పడొద్దు. స్లైడు మీద నీటి చుక్కలో వేసి, కవర్‌స్లిప్ మూసి, మైక్రోస్కోప్‌లో 100 రెట్లకు చూడండి. ఆకు పైవైపు బాహ్యచర్మం పలు వరసలుగా ఉంటుంది. అందులో ఒక కణం మాత్రం బాగా ఉబ్బి లోపలికి దిగి ఉంటుంది. దాని పై గోడ నుంచి సన్నటి కాడ, కాడ చివర బుడిపెల గడ్డ, అచ్చం వేలాడే ద్రాక్షగుత్తి!

అది సున్నమేనా? కవర్‌స్లిప్ అంచున ఒక చుక్క వెనిగర్ వేసి, అవతలి అంచున టిష్యూ పేపర్‌తో నీటిని లాగండి. కాల్షియం కార్బొనేట్ అయితే బుడగలు వస్తాయి, గడ్డ కరిగి సెల్యులోజ్ గూడు మిగులుతుంది. పక్కనే మెరిసే కోణాల స్ఫటికాలు కరగకపోతే అవి చాలావరకు కాల్షియం ఆక్సలేట్.

గడ్డ ఉందన్నంత మాత్రాన అది ఫైకస్ అనుకోవద్దు. నేలవేము ఆకులోనూ, గంజాయి ఆకు నూగులోనూ ఇవి ఉంటాయి. ఇక్కడ అసలు పనికొచ్చేది గడ్డ ఉన్న చోటు. కొన్ని ఫైకస్ జాతుల్లో ఇవి ఆకు పైవైపే, కొన్నింటిలో అడుగువైపే, ఇంకొన్నింటిలో రెండువైపులా ఉంటాయి. అందుకే కోసేముందే ఆకు పైవైపు ఏదో గుర్తుపెట్టుకోండి. ఈనెల తీరు, నూగు, ఆకు తొడిమ కూడా కలిపి చూస్తేనే పేరు చెప్పే ధైర్యం చేయాలి.

ఆకును దాచాలంటే ఆల్కహాల్‌లో వేయండి. ల్యాబుల్లో మామూలుగా వాడే ఫార్మలిన్-అసిటిక్ ఆమ్లం-ఆల్కహాల్ మిశ్రమంలో ఉంచితే అందులోని ఆమ్లం సున్నాన్ని కరిగించేస్తుంది. తర్వాత ఖాళీ గూళ్లు చూసి ‘ఈ జాతిలో గడ్డలే లేవు’ అని రాసుకునే ప్రమాదం ఉంది.