చుక్కల రేవును చూసే తీరు

చిన్న చిన్న రంగు చుక్కలతో బొమ్మలు వేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సోరా 1888 వేసవిలో ఫ్రాన్సులోని నార్మండీ తీరాన పోర్-ఆన్-బెస్సాన్ అనే చేపల రేవులో ఉండి ఆరు చిత్రాలు వేశాడు. వాటిలో వంతెననూ రేవుగట్టునూ చూపే చిత్రం ఇప్పుడు అమెరికాలోని మినియాపోలిస్ మ్యూజియంలో ఉంది. దాన్ని తెర మీద చూసేటప్పుడు వెంటనే పెద్దది చేసి చుక్కలు వెతకకండి. ముందు బొమ్మ మొత్తం అరచేతిలో ఇమిడేంత చిన్నదిగా పెట్టుకుని, గట్టు మీద పరచుకున్న ఎండను కాసేపు చూడండి.

ఆ తరవాత దగ్గరికి వెళ్తే, ఒకే రంగనుకున్న గట్టు అనేక రంగుల చుక్కలుగా విడిపోతుంది. నెమలికంఠం రంగు పట్టుచీర కట్టినవారికి ఇది కొత్త కాదు: పడుగుది ఒక రంగు, పేకది మరొకటి, దూరం నుంచి కనిపించేది రెండూ కాని మూడోది. ఇలా చుక్కలతో చిత్రించే పాయింటిలిజం అనే పద్ధతికి ఆధారమైన రంగుల సూత్రం కూడా నేత నుంచే వచ్చింది. పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబెలాన్ కర్మాగారపు అద్దకశాలలో నల్ల దారం వెలవెలబోతోందన్న ఫిర్యాదును పరిశీలించిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్, లోపం అద్దకంలో కాక పక్కనున్న రంగుల్లో ఉందని గ్రహించి, పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపుతాయన్న ఆ సూత్రాన్ని 1839లో ప్రచురించాడు.

ఇక మనుషులను చూడండి. నా దృష్టిలో ఈ చిత్రానికి ప్రాణం ఇక్కడే ఉంది. విశాలమైన గట్టు మీద ముందుకు కనిపించేది ముగ్గురే: మోపు మోసుకెళ్తున్న స్త్రీ, యూనిఫాంలో ఉన్న కస్టమ్స్ ఉద్యోగి, ఒంటరిగా నిలబడ్డ పసిబిడ్డ. ఒకరికొకరు ఏమీ కానట్టు ఉంటారు. ఈ శైలికి 1886లో నియో-ఇంప్రెషనిజం అని పేరు పెట్టిన విమర్శకుడు ఫెనియాన్‌కే, బిడ్డ తప్ప మిగతా ఇద్దరూ సహజంగా అనిపించలేదు. ఆ బిగువును నేను లోపంగా చూడను. ఒకరిది బరువు మోసే పని, మరొకరిది దొంగ సరుకు దిగకుండా తీరాన్ని కాపలా కాసే పని. ఇద్దరినీ కలిపేది ఆ గట్టు ఒక్కటే. పారిస్ నుంచి రైళ్లలో వచ్చే విహారయాత్రికుల సందడి ఇందులో లేదు. సోరా స్నేహితుల్లో చిత్రకారుడు సిన్యాక్, ఫెనియాన్ వంటివారు ప్రభుత్వాధికారమే వద్దనే అరాజకవాదం వైపు మొగ్గినవారన్నది కూడా మనసులో ఉంచుకోండి.

వీలైతే నెదర్లాండ్స్‌లోని ఓటర్లో మ్యూజియంలో ఉన్న, ఇదే రేవును ఆదివారం నాడు చూపే సోరా చిత్రాన్ని పక్కన పెట్టుకుని చూడండి. అక్కడ పడవలు కదలవు, గాలికి ఎగిరే జెండాలే ముందుకొస్తాయి. ఆ సెలవు చూశాక మొదటి చిత్రంలోని మోపు దగ్గరికి మళ్లీ రండి.