ఫైబ్రోమయాల్జియా నొప్పిని అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

"రిపోర్టులన్నీ నార్మలే, నీకేం లేదమ్మా" అనే మాట మా వదిన రెండేళ్లు విన్నది. తడి దుప్పటి పిండలేక బకెట్‌లోనే వదిలేసి, బాత్రూం గుమ్మంలో కూర్చుని ఏడ్చిన రోజు ఇంకా నా కళ్ల ముందే ఉంది. ఆ నొప్పి నిజం. ఫైబ్రోమయాల్జియా అనే ఈ జబ్బులో కీళ్లు అరిగిపోవు. నరాల వ్యవస్థ చిన్న నొప్పిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది, అందుకే ఎక్స్‌రేలో ఏమీ దొరకదు.

ఒళ్లంతా నొప్పులు, పడుకుని లేచినా తీరని అలసట మూడు నెలలు దాటితే ముందు రుమటాలజిస్టును (కీళ్లు, కండరాల జబ్బులు చూసే డాక్టరును) కలవండి. థైరాయిడ్ పరీక్ష, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు రాస్తారు. అవి వేరే జబ్బు కాదని తేల్చుకోవడానికే. ఈ జబ్బును గుర్తించడానికి 1990 నాటి పద్ధతిలో ఒంటిమీద 18 చోట్ల నొక్కి, కనీసం 11 చోట్ల నొప్పి ఉందా అని చూసేవారు. 2010 నుంచి ఆ లెక్క తప్పనిసరి కాదు.

తర్వాత నడక. నా దృష్టిలో అసలు మందు ఇదే. యూరప్ రుమటాలజీ నిపుణులు 2016లో గట్టిగా సిఫారసు చేసింది కూడా వ్యాయామాన్నే. వదిన విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి, ఐదు నిమిషాలు నడిచి వెనక్కి వచ్చేసేది. అంతే. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచింది. మూడో నెలకు కురుసుర సబ్‌మెరైన్ దాకా హాయిగా వెళ్లొచ్చేది. ఒళ్లు తేలిగ్గా ఉందని ఒకరోజు కైలాసగిరి మెట్లెక్కింది, నాలుగు రోజులు మంచం దిగలేదు. బాగున్న రోజున కూడా లెక్క దాటకండి. బాగాలేని రోజున తగ్గించండి, మానేయకండి.

రాత్రి ఒకే వేళకు పడుకోండి. సాయంత్రం టీ మానేయండి.

మందులు డాక్టరు చెప్పినట్టే వాడాలి. ఎమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రిగాబలిన్ లాంటివి కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి మత్తుగా ఉంటాయి. ఉన్నట్టుండి ఆపకూడదు. మెడికల్ షాపులో కొనే పెయిన్‌కిల్లర్లు ఈ నొప్పికి పెద్దగా పనిచేయవు, పైగా కడుపు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అమెరికాలో 2009 తర్వాత చాలా ఏళ్లు దీనికి కొత్త మందేదీ అనుమతి పొందలేదు. 2025లో నాలుక కింద పెట్టుకునే సైక్లోబెంజాప్రిన్ మాత్రకు ఆ అనుమతి దొరికింది. జబ్బు పూర్తిగా పోయే మందు ఇంకా లేదు, కానీ చాలామందికి నొప్పి తగ్గుతుంది.

కీళ్లు వాచినా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా అదీ ఫైబ్రోమయాల్జియానే అనుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.