అటక మీది క్యాసెట్లనూ జాజ్ రికార్డులనూ దారికి తేవడం ఎలా?

మా తిరుపతిలో పాత ఇళ్ల అటక ఎక్కితే రెండు వస్తువులు ఖాయంగా దొరుకుతాయి: ఇత్తడి గంగాళం, అట్టపెట్టె నిండా క్యాసెట్లు. మా ఇంట్లో ఆ పెట్టె మా నాయనది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లినప్పుడల్లా రెండు మూడు కర్ణాటక సంగీత కచేరీ క్యాసెట్లు తెచ్చేవాడు. రేడియోలో వచ్చేవి తనే రికార్డు చేసుకునేవాడు. కాలేజీ రోజుల్లో నాకు జాజ్ పిచ్చి పట్టింది, నా సీడీలూ ఆ పక్కనే చేరాయి. అన్నీ సర్దడానికి ఏడాదిన్నర పట్టింది. అందులో ఆర్నెల్లు నేను చేసిన తప్పులు దిద్దుకోవడానికే సరిపోయింది. మీకు అంత టైం పట్టనక్కర్లేదు.

ముందు నోటుబుక్కు

కంప్యూటరు జోలికి ఇప్పుడే పోకండి. ఒక లాంగ్ నోటుబుక్కు తీసుకుని ప్రతి క్యాసెట్‌కూ నంబరు వెయ్యండి. ఆ నంబరును డబ్బా మీద కాదు, క్యాసెట్ మీదే మార్కర్‌తో రాయండి. డబ్బాలు ఎప్పుడో తారుమారై ఉంటాయి. లోపలి కాగితం మీద ఉన్నదంతా, తప్పులతో సహా, ఎక్కించండి. ఫోన్‌తో ఒక ఫోటో కూడా తీసి పెట్టండి.

గాయకుడి పేరొక్కటే రాసి ఊరుకోవద్దు. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటం ఉందా అన్నవి కూడా కావాలి. రేడియో రికార్డింగుల్లో ఈ పేర్లు అనౌన్సర్ నోటి నుంచే వస్తాయి. నేను తెలివిగా ఆ మాటలన్నీ కత్తిరించేశాను. పోయిన పేర్లు మళ్లీ రాలేదు.

జాజ్‌కీ ఇదే పద్ధతి. ఆల్బమ్‌కు ఒక్క జాబితా సరిపోదు, పాట పాటకీ రాయాలి. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959 ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో పియానో బిల్ ఎవాన్స్‌దే అనుకుంటాం. కానీ ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ అనే ఒక్క ట్రాకులో వాయించింది వింటన్ కెల్లీ.

క్యాసెట్ బతికే ఉందా?

టేపు అంచున తెల్లగా బూజు కనిపిస్తే దాన్ని డెక్కులో (క్యాసెట్ వాయించే మెషీన్‌లో) పెట్టకండి. ఆ బూజు టేపును చదివే హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. వాటిని విడిగా తీసి పెట్టి, చివర్లో చూసుకోండి. బాగున్నవాటిని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న టేపు దీంతో వదులవుతుంది. టేపు వెనక చిన్న మెత్త ఉంటుంది చూడండి, అది ఊడిపోతే శబ్దం బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అలాంటప్పుడు స్క్రూలున్న వేరే క్యాసెట్ విప్పి, టేపు చుట్టలను అందులోకి మార్చుకోవచ్చు. ఓపిక ఉంటే పావుగంట పని.

డెక్కు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి. బడ్ గోధుమ రంగుకు తిరగడం ఆగేదాకా తుడవాలి. బెల్టు సాగిపోయి ఉంటే రిపేరు షాపుకు పోక తప్పదు. నేను వెళ్లిన షాపాయన డెక్కు విప్పి చూసి, “సామీ, దీనికి నాకంటే వయసెక్కువ” అన్నాడు గానీ, బెల్టు మాత్రం వేసిచ్చాడు.

శ్రుతి సరిచూడండి

అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. డెక్కు కొంచెం వేగంగా తిరిగితే పాట వేగంతో పాటు శ్రుతీ పెరుగుతుంది. సుమారు 6 శాతం వేగం పెరిగితే ఐదు శ్రుతి పాట ఐదున్నరకు, అంటే హార్మోనియం మీద పక్క మెట్టుకు, ఎక్కుతుంది. గొంతు సన్నబడుతుంది, గమకం కంగారుగా వినిపిస్తుంది. మనం మాత్రం “అబ్బ, ఏం స్పీడు!” అని మెచ్చుకుంటాం.

ముందు మీ డెక్కును పరీక్షించండి. దానికి తిరుపతిలో ప్రతి ఇంట్లోనూ ఉండే క్యాసెట్ ఒకటి చాలు: ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం. అదే రికార్డింగును ఆన్‌లైన్‌లో వెతికి విని, ఫోన్‌లో తంబూరా యాప్‌తో రెంటి శ్రుతీ పోల్చండి. క్యాసెట్‌లో హెచ్చుగా ఉంటే మీ డెక్కు పరుగెత్తుతున్నట్టే. చాలా డెక్కుల్లో మోటారు వెనక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి స్క్రూను సన్న స్క్రూడ్రైవర్‌తో ఆవగింజంత తిప్పితే వేగం మారుతుంది. చేతకాదనిపిస్తే షాపాయనకే వదిలెయ్యండి.

డెక్కు సరిగ్గా ఉన్నా, రికార్డు చేసిన మెషీనే తప్పుగా తిరిగి ఉండొచ్చు. మా నాయన ఒక షాపులో కాపీ చేయించుకున్న నాలుగు క్యాసెట్లూ అలాంటివే. అప్పుడు గాయకుడి మామూలు శ్రుతి తెలిసి ఉండటం అక్కరకొస్తుంది. ఇంకో ఆధారం కరెంటు హోరు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. రికార్డింగులో పడిన ఆ హోరు 53 దగ్గర కనిపిస్తే, రికార్డు చేసిన మెషీన్ నెమ్మదిగా తిరిగిందని అర్థం; నెమ్మదిగా ఎక్కినది మామూలు వేగంతో తిరిగితే హెచ్చుగా వినిపిస్తుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీన్ని చూడొచ్చు, వేగం దిద్దుకోవచ్చు కూడా.

ఇంత చాదస్తం అవసరమా అనే వాళ్లకు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతే చెబుతాను. మార్చి 2న రికార్డు చేసిన మొదటి వైపు మూడు ట్రాకులకూ ఆ స్టూడియో మెషీన్ నెమ్మదిగా తిరిగింది. దాంతో రికార్డు కొన్నవాళ్లంతా వాటిని కాస్త హెచ్చు శ్రుతిలోనే విన్నారు. 1992లో విడుదలైన సీడీలో గానీ అది సరికాలేదు. మీ దగ్గరున్నది అంతకు ముందుదో తర్వాతదో నోటుబుక్కులో రాయండి.

కంప్యూటర్‌లోకి

డెక్కు లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె), అక్కడి నుంచి కంప్యూటర్‌కు. 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్ చాలు. శబ్దం ఎంత పెరిగినా మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. 45 నిమిషాల వైపు ఒకటి వేవ్ ఫైల్‌గా 780 ఎంబీ దాకా వస్తుంది. ఫ్లాక్‌లోకి మారిస్తే నాణ్యత తగ్గకుండానే సైజు చాలావరకు దిగుతుంది. ఎంపీ3 కారులో వినడానికి మాత్రమే.

నాయిస్ రిడక్షన్ నొక్కాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. బుస్సుమనే శబ్దంతో పాటు తంబూరా కూడా పోతుంది. మా టేపొకదానిలో ఆలాపన మధ్యలో అమ్మ కుక్కర్ విజిల్ మూడుసార్లు వినిపిస్తుంది. అది నేను తియ్యలేదు, తియ్యను.

పేర్లు పెట్టడం

ఇంగ్లీషు అక్షరాల్లో తోడి, శంకరాభరణం రాస్తే ఒక్కో క్యాసెట్ మీద ఒక్కో స్పెల్లింగు. వెతికితే సగమే దొరుకుతాయి. అందుకే నేను రాగం పేరు ముందు మేళకర్త సంఖ్య (తల్లి రాగాల పట్టికలో దాని వరస) పెడతాను: తోడికి 08, ఖరహరప్రియకు 22, శంకరాభరణానికి 29, కల్యాణికి 65. వాటిలోంచి పుట్టిన జన్యరాగాలకు తల్లి సంఖ్యే. మోహనం, కాంభోజి 28 కింద. బిలహరి 29 కింద. పిల్లలన్నీ తల్లి పక్కనే వచ్చి కూర్చుంటాయి.

అన్నమయ్య కీర్తనలకు ఇంకో గడి తప్పనిసరి: స్వరకర్త. తాళ్లపాక రాగిరేకుల మీద రాగాల పేర్లున్నా, ఆనాటి బాణీలు మనదాకా రాలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివాళ్లు తర్వాత స్వరపరిచారు. ఒకే కీర్తన రెండు రాగాల్లో దొరికితే కంగారు పడి ఒకటి చెరిపెయ్యకండి.

వినడం

షఫుల్ ఆపండి. కచేరీని వర్ణం నుంచి మంగళం దాకా ఒకే వరసలో ఉంచండి, తని ఆవర్తనం (మృదంగం వాళ్లు విడిగా వాయించే భాగం) బోరని కత్తిరించకండి. జాజ్ కొత్తవాళ్లకు నేను ‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని ‘సో వాట్’తో మొదలుపెట్టమంటాను. మన చెవికి అది దాదాపు ఖరహరప్రియ. రెండు శ్రుతిలో 16 బార్లు, ఉన్నట్టుండి రెండున్నరకు జరిగి 8, మళ్లీ రెండులో 8. ఒక్కో వాద్యగాడు ఇదే చుట్టు మీద కల్పన చేస్తాడు. నాలుగు దెబ్బలకు ఒక బారు. తొడ మీద తాళం వేస్తూ లెక్కపెడితే, శ్రుతి జరిగే చోటు రెండోసారికే పట్టుబడుతుంది.

అంతా అయ్యాక అన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. అసలు క్యాసెట్లను మళ్లీ అటక ఎక్కించొద్దు. మన మే నెల ఎండకు స్లాబు కింద అవి ఉడికిపోతాయి. బీరువా కింది అర చాలు.

పేరు తెలియనివి కొన్ని మిగులుతాయి. వాటికి ‘తెలియనివి’ అని ఒక ఫోల్డరు పెట్టి, ఊళ్లో పెద్ద చెవులున్నవాళ్లకు వినిపించండి. నా 17వ నంబరు బి సైడును మా వీధిలో మృదంగం నేర్పే పెద్దాయనకు వినిపించాను. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నాడు. “పాట సంగతి తెలీదు నాయనా. ఆ ఎడమ చెయ్యి మాత్రం ఎవరిదో తెలుసు” అని మృదంగం ఆయన పేరు చెప్పాడు. నోటుబుక్కులో ఆ గడి నిండింది. గాయకుడి గడి ఇంకా ఖాళీగానే ఉంది.