ఆర్మ్ సర్వర్‌కి మారారు, స్పీడ్ పెరగలేదు, బిల్లూ తగ్గలేదు: ఎక్కడ వెతకాలి

బెంగళూరులో అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్ల నుంచి నాకు తరచుగా వచ్చే ఫోన్ ఇది. "అన్నా, సర్వీసుని ఇంటెల్ మెషీన్ నుంచి గ్రావిటాన్‌కి (అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ వాళ్ల ఆర్మ్ చిప్) మార్చాం. స్లో అయింది. మేనేజర్ వెనక్కి మార్చేయమంటున్నాడు. ఆర్మ్ మన పనికి సరిపోదంటావా?"

నేను అడిగేది ఒక్కటే. "రెండు మెషీన్ల మీదా ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ (మెషీన్‌లో ఎలాంటి సీపీయూ ఉందో చెప్పేది) కొట్టి చూశావా తమ్ముడూ?" చూడలేదనే చెబుతారు. గ్రాఫులు తీస్తారు, ప్రొఫైలర్ పెడతారు, ఫలానా చిప్ మంచిది, ఫలానాది కాదు అని రెండు వారాలు వాదించుకుంటారు. అర నిమిషం పట్టే ఆ కమాండ్ మాత్రం కొట్టరు. అందుకే ఇది రాస్తున్నాను. లినక్స్, కంటైనర్లు, లోడ్ టెస్టింగ్ మీకు తెలుసనే అనుకుంటున్నాను.

లక్షణం: ఏ పని ఇచ్చినా విపరీతంగా స్లో

పదో పరకో శాతం తేడా కాకుండా, ఏది నడిపినా కొన్ని రెట్లు ఆలస్యం అవుతోందంటే ముందు ఎమ్యులేషన్‌ని, అంటే ఒక రకం చిప్ కోసం చేసిన ప్రోగ్రామ్‌ని ఇంకో రకం చిప్ మీద అనుకరించి నడపడాన్ని, అనుమానించండి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ చిప్పుల రకం) ఇమేజ్‌ని ఆర్మ్ మెషీన్ మీద నడపబోతే మామూలుగా ఫార్మాట్ ఎర్రర్ వచ్చి అక్కడే ఆగిపోతుంది. కానీ ఆ మెషీన్ మీద ఎవరైనా బిల్డుల కోసమని క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ పెట్టి ఉంటే, ఎర్రర్ ఏమీ రాకుండా ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ సాఫ్ట్‌వేర్‌లో అనువదించుకుంటూ నడిపేస్తుంది.

ఇక్కడ చాలామంది కంటైనర్ లోపలికి వెళ్లి, చిప్ రకం చెప్పే యూనేమ్ కమాండ్ కొడతారు. ఎమ్యులేషన్‌లో అది కూడా ఎక్స్86 అనే జవాబిస్తుంది. కాబట్టి హోస్ట్ మీద కూడా కొట్టి, రెండు జవాబులూ ఒకటేనా అని చూడండి. హోస్ట్ ప్రాసెస్ లిస్టులో క్యూఈఎంయూ పేరు కనిపిస్తే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు. రెండు ఆర్కిటెక్చర్లకీ ఇమేజ్ బిల్డ్ చేసి ఒకే ట్యాగ్ కింద పెట్టండి. పైప్‌లైన్‌లో ఒక్క బేస్ ఇమేజ్ ఎక్స్86‌ది మిగిలిపోయినా కథ మళ్లీ మొదటికొస్తుంది.

లక్షణం: టెస్టులో ఆర్మ్ వెనకబడింది, లేదా మారినా మెషీన్ల సంఖ్య తగ్గలేదు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నా దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ భాగం చివరికి తేలేది ఇక్కడే.

క్లౌడ్‌లో మనం కొనేది వీసీపీయూ (వర్చువల్ సీపీయూ). ఎనిమిది వీసీపీయూలంటే ఎనిమిది కోర్లు అనుకుంటాం. గ్రావిటాన్‌లో అది నిజమే, ఒక్కో వీసీపీయూ ఒక్కో పూర్తి కోర్. ఏడబ్ల్యూఎస్‌లో ఎం7ఐ లాంటి ఇంటెల్ మెషీన్లలో మాత్రం వీసీపీయూ అంటే ఒక హైపర్‌థ్రెడ్, అంటే ఒక కోర్‌లో సగం వాటా. ఎనిమిది వీసీపీయూల మెషీన్‌లో ఉన్నవి నాలుగు కోర్లే. ఒకే కోర్ మీద ఉన్న రెండు థ్రెడ్లూ అవే లెక్కించే యూనిట్లనీ, అదే ఎల్1, ఎల్2 క్యాష్‌నీ పంచుకుంటాయి. దర్శినిలో (బెంగళూరు టిఫిన్ హోటల్) ఒకే పెనం దగ్గర ఇద్దరు మాస్టర్లు నిలబడితే దోసెలు రెట్టింపు రావు. ఒకాయన పిండి కోసం ఆగినప్పుడు రెండో ఆయన పెనం వాడుకుంటాడు కాబట్టి కాస్త పెరుగుతాయి, అంతే.

ఇప్పుడు సీపీయూ శాతం చెప్పే లెక్క చూద్దాం. రెండో థ్రెడ్ వల్ల కోర్‌కి పాతిక శాతం పని అదనంగా వస్తుందని ఉదాహరణకి అనుకుందాం (నిజంగా ఎంతన్నది మీ కోడ్‌ని బట్టి ఉంటుంది). నాలుగు కోర్ల ఇంటెల్ మెషీన్ మొత్తం సత్తా ఐదు కోర్లతో సమానం. లినక్స్ ముందు ఖాళీ కోర్లనే నింపుతుంది. కాబట్టి మీటర్ 50 శాతం చూపించేసరికే నాలుగు కోర్లూ పనిలో ఉంటాయి. ఐదింట్లో నాలుగు, అంటే అసలు సత్తాలో 80 శాతం అయిపోయినట్టే. ఆర్మ్ మెషీన్ మీద అదే 50 శాతం అంటే ఎనిమిది కోర్లలో నాలుగు. ఇంకా సగం మిగిలే ఉంది.

దీనివల్ల రెండు రకాల పొరపాటు నిర్ణయాలు జరుగుతాయి. మొదటిది, లోడ్ టెస్టుని 20, 30 శాతం దగ్గర ఆపేయడం. ఆ లోడ్‌లో ఇంటెల్ మెషీన్ మీద ప్రతి రిక్వెస్టుకీ ఒక కోర్ మొత్తం దొరుకుతుంది. టర్బోలో క్లాక్ 3 గిగాహెర్ట్జ్ దాటుతుంది. గ్రావిటాన్3 అయితే 2.6 దగ్గరే నడుస్తుంది. దాంతో ఒక్కో రిక్వెస్టుకి పట్టే టైములో ఆర్మ్ వెనకబడినట్టు కనిపించొచ్చు. లోడ్ 70 శాతానికి తీసుకెళ్తే తెలిసేది: థ్రెడ్లు కోర్లు పంచుకోవడం మొదలవగానే ఇంటెల్ మీద పీ99 (వందలో 99 రిక్వెస్టులు ఎంత టైములోపు అయిపోతాయో చెప్పే అంకె) పైకి లేస్తుంది, ఆర్మ్ మీద గీత ఇంకా చాలాసేపు నిలకడగా ఉంటుంది.

రెండో పొరపాటు దొరకడం ఇంకా కష్టం. పాత మెషీన్ల కోసం ఆటోస్కేలింగ్ టార్గెట్ (సీపీయూ ఎంత దాటితే కొత్త మెషీన్ లేవాలో చెప్పే అంకె) 50 శాతం దగ్గర పెట్టి ఉంటారు. ఆర్మ్‌కి మారినా అదే సెట్టింగ్ ఉంచేస్తారు. సగం సత్తా మిగిలి ఉండగానే కొత్త మెషీన్లు లేస్తాయి. మెషీన్ రేటు తగ్గినా సంఖ్య తగ్గదు. ఎర్రర్లు లేవు, అలర్టులు లేవు. నెలాఖరున ఫైనాన్స్ వాళ్లు అడిగేదాకా ఎవరికీ తెలియదు.

మీ మెషీన్ ఎలాంటిదో తేల్చుకోవడం ఇలా. ఎల్ఎస్‌సీపీయూలో 'థ్రెడ్స్ పర్ కోర్' అనే లైన్ చూడండి. రెండు అని ఉంటే పంచుకునే మెషీన్, ఒకటి అని ఉంటే పూర్తి కోర్లు. బ్రాండ్ పేరు చూసి ఊహించుకోవద్దు. ఏడబ్ల్యూఎస్‌లో ఏఎండీ మీద నడిచే ఎం7ఏ మెషీన్లు ఎక్స్86 అయినా ఒక్కో వీసీపీయూ పూర్తి కోరే. 2024లో వచ్చిన ఇంటెల్ జియాన్6 ఇ-కోర్ రకంలోనూ హైపర్‌థ్రెడింగ్ లేదు.

నమ్మకం కుదరకపోతే చేత్తో చేసి చూడండి. ఎల్ఎస్‌సీపీయూకి 'ఇ' ఆప్షన్ ఇస్తే ఏ సీపీయూ ఏ కోర్‌దో పట్టికలా వస్తుంది. అందులో, ఉదాహరణకి, 0, 4 రెండూ ఒకే కోర్‌వని కనిపించిందనుకోండి. ప్రోగ్రామ్‌ని మనం చెప్పిన సీపీయూ మీదే నడిపే టాస్క్‌సెట్‌తో ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్ టెస్టుని 0 మీద ఒంటరిగా నడిపి అంకె రాసుకోండి. తర్వాత 0 మీద ఒకటి, 4 మీద ఒకటి ఒకేసారి నడపండి. రెండూ బాగా పడిపోతాయి. ఈసారి 0, 1 మీద నడపండి, దాదాపు పడవు. ఆర్మ్ మెషీన్ మీద ఏ రెండు తీసుకున్నా దాదాపు పడవు. ఇది ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లు సీపీయూ శాతాన్ని మళ్లీ గుడ్డిగా నమ్మరు.

పరిష్కారానికి వస్తే, మీ సర్వీసుకి పీ99 ఎంత దాటకూడదో ముందు తేల్చుకోండి. రెండు మెషీన్ల మీదా ఆ గీత దాటేదాకా లోడ్ పెంచండి. దాటకముందు సెకనుకి ఎన్ని రిక్వెస్టులు మోసిందో చూసి, దాన్ని గంట ధరతో భాగించండి. పోల్చాల్సింది ఆ అంకెనే. లోడ్ పంపే మెషీన్ సర్వర్ ఉన్న రీజియన్‌లోనే ఉండాలి, అది ముంబై అయినా హైదరాబాద్ అయినా. బెల్లందూరు ఆఫీసు వైఫై మీద ల్యాప్‌టాప్ నుంచి పంపితే మీరు కొలిచేది నెట్‌వర్క్‌ని.

తర్వాత ఆటోస్కేలింగ్ టార్గెట్‌ని ఐదేసి శాతం చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా పీ99 చూడండి. కుబర్నెటీస్ వాడేవాళ్లు పాడ్ సీపీయూ రిక్వెస్టుని కూడా మళ్లీ కొలిచి పెట్టాలి. పాత మెషీన్‌లో ఒక సీపీయూ అని రాస్తే దొరికింది ఒక థ్రెడ్, కొత్తదాంట్లో దొరికేది మొత్తం కోర్. పాడ్‌ల సంఖ్యని తనంతట తానే పెంచి తగ్గించే హెచ్‌పీఏ లెక్క ఆ రిక్వెస్టు మీదే నడుస్తుంది కాబట్టి అది తప్పయితే టార్గెట్ ఎంత పెట్టినా ఉపయోగం లేదు.

ఆర్మ్‌ని ఇష్టపడేవాళ్లకి కూడా ఒక మాట. ఫుల్ లోడ్‌లో ఎనిమిదికి ఎనిమిది వీసీపీయూలు పోల్చి "చిప్పే అంత వేగం" అనకండి. అది ఎనిమిది కోర్లకీ నాలుగు కోర్లకీ పెట్టిన పోటీ. డబ్బు కట్టేవాడికి ఆ పోలిక చెల్లుతుంది, చిప్ డిజైన్ గురించి మాట్లాడేటప్పుడు చెల్లదు.

లక్షణం: చిన్న మెషీన్ మీద బాగుంది, 32 కోర్లు దాటితే కుదేలు

కారణం లాకుల మీద పోటీ, అంటే ఒకే డేటా కోసం చాలా కోర్లు ఒకేసారి ఎగబడటం. ఆర్మ్‌వీ8.0 కోసం కంపైల్ చేసిన పాత బైనరీలు అటామిక్ పనిని (మధ్యలో ఇంకెవరూ తాకకుండా జరగాల్సినది) చదవడం, రాయడం అని రెండు మెట్లలో చేస్తాయి, మధ్యలో వేరే కోర్ తాకితే మళ్లీ మొదలుపెడతాయి. 8.1 నుంచి ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో అయిపోయే వసతి ఉంది, గ్రావిటాన్2 నుంచి చిప్పుల్లో అది ఉంది. జీసీసీ 10 లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో మళ్లీ కంపైల్ చేస్తే, చిప్‌ని చూసి అదే సరైన దారి ఎంచుకుంటుంది. మీ కోడ్‌తో పాటు మీరు వాడే లైబ్రరీల్ని కూడా చూడండి.

లక్షణం: ఒక్క పని మాత్రమే స్లో (ఇమేజ్ రీసైజ్, కంప్రెషన్, జేసన్ పార్సింగ్)

ఆ లైబ్రరీలో ఏవీఎక్స్ (ఎక్స్86లో ఒకేసారి చాలా విలువల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) కోసం చేత్తో రాసిన వేగవంతమైన కోడ్ ఉండి, ఆర్మ్‌కి మామూలు సీ కోడే ఉంటుంది. కొత్త వెర్షన్‌కి మారండి, చాలా లైబ్రరీల్లో ఆర్మ్‌లో అలాంటిదే అయిన నియాన్ కోడ్ చేరిపోయింది. పైథాన్‌లో ఇన్‌స్టాల్ చేయడానికే బాగా టైము పడుతుంటే ఆర్మ్ వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) లేక సోర్సు నుంచి కంపైల్ అవుతోందని అర్థం.

లక్షణం: స్పీడ్ బాగానే ఉంది, అప్పుడప్పుడు తప్పు విలువలు, క్రాష్‌లు

ఇది తేలిగ్గా తీసుకోకండి. ఎక్స్86లో మెమరీ రాతలు ఇతర కోర్లకి వరసలోనే కనిపిస్తాయి. ఆర్మ్‌లో ఆ హామీ లేదు. లాకులు వాడకుండా రాసిన మీ లాక్‌ఫ్రీ కోడ్‌లో ఎప్పటినుంచో ఉన్న బగ్‌ని ఎక్స్86 ఇన్నాళ్లూ కప్పిపుచ్చింది. సీలో వోలటైల్ పెట్టినంత మాత్రాన సరిపోదు, అక్వైర్, రిలీజ్ ఆర్డరింగ్‌తో అటామిక్స్ వాడి, థ్రెడ్ శానిటైజర్‌తో పరీక్షించండి. అది సరయ్యేదాకా ప్రొడక్షన్‌కి పంపొద్దు.

64 కేబీ పేజీ సైజు వల్ల మెమరీ ఎక్కువ తినడం, నూమా (మెమరీ కొన్ని కోర్లకి దగ్గరగా, కొన్నిటికి దూరంగా ఉండటం), పాత కెర్నల్ లాంటివి అరుదు. పైవన్నీ అయ్యాకే అటు వెళ్లండి.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు రెండు మెషీన్ల ఎల్ఎస్‌సీపీయూ అవుట్‌పుట్, కంపైలర్ వెర్షన్, లోడ్ పెరిగేకొద్దీ పీ99 ఎలా కదిలిందో చూపించే గ్రాఫ్ పంపండి. సీపీయూ శాతం స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే చూసేవాళ్లు మళ్లీ ఇవే అడగాల్సి వస్తుంది.