శిలాఫలకం గట్టిది, రోడ్డే మెత్తన: నా అనుభవం

బొబ్బిలి వైపు మా పల్లెలో సిమెంటు రోడ్డు రెండు వానలకే పెచ్చులూడింది. శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. దాని మిక్సింగు వేరేమో!

"ఎందుకిలా అయింది?" అని అర్జీ పెడితే ఫైలు టేబుళ్ల మీద తీర్థయాత్ర చేస్తుంది. సమాచార హక్కు దరఖాస్తులో "ఎందుకు" అని రాయకూడదు, కాగితాలే అడగాలి: ఎస్టిమేటు, ఎం.బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, నాణ్యత పరీక్ష రిపోర్టు, ఒప్పందం నకలు. పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. దాటితే నకళ్లు ఉచితం. తప్పు ఆఫీసుకు వెళ్తే 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి.

ఎం.బుక్ చేతికొచ్చాక టేపు తీయండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం అంతటా 100 మిల్లీమీటర్లే ఉంటే 30. మిగతా 15 వేగావతి నదిలో కలిసిందనుకోవాలి. అంచున ఒక్కచోటే కొలిస్తే "అక్కడ నేల ఎత్తు" అంటారు. పగిలిన చోట్ల నాలుగైదు కొలతలు తీసి, ఫొటోలతో జతచేయాలి.

అసలు పని చేసింది ఒప్పందంలోని లోపాల బాధ్యత గడువు, అంటే రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం. అది ఇంకా మిగిలుందని తేలాక, కాంట్రాక్టరు సొంత ఖర్చుతోనే పెచ్చులు తవ్వి మళ్లీ పోశాడు. కొత్త శిలాఫలకం ఇంకా రాలేదు.