చెక్క మిషన్ల మోటార్లు – మూడవ పాఠం: కెపాసిటర్ మార్చినా లేవని మోటారు

స్విచ్ వేసినప్పుడు మోటారు తిరగకుండా గుయ్యిమంటూ నిలబడితే ముందుగా కెపాసిటర్‌ను (కరెంటును నిలవ చేసి మోటారు లేవడానికి తోడ్పడే డబ్బీని) అనుమానించాలని గత పాఠంలో రాశాను. అనుమానించమన్న మాటను చాలామంది మార్చమన్నట్టుగా చదువుకున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో చిత్రిక మిషను నడిపే పాఠకుడొకరు కొత్త కెపాసిటర్ వేసినా మూలుగు పోలేదని రాశారు. గుంటూరు నుంచి మరొకరు, కొత్తది వేయగానే మోటారు చక్కగా లేచిందనీ, కాసేపటికి ఆ కెపాసిటరే ఉబ్బి పగిలిందనీ రాశారు. రెండు ఫిర్యాదులకూ మూలం ఒకే చోట ఉండడానికి అవకాశం ఎక్కువ కాబట్టి, త్రీ ఫేజ్ స్టార్టరును వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

సప్లై, ఫ్యూజు సరిగా ఉన్నాయనీ, బెల్టు తీశాక ఇరుసు తేలికగా తిరుగుతోందనీ మీరు చూసే ఉంటారు. సింగిల్ ఫేజ్ మోటారులో రన్నింగ్ కాయిల్ ఒక్కటే నిలిచి ఉన్న ఇరుసును కదిలించలేదు. దానికి తోడుగా ఉండే స్టార్టింగ్ కాయిల్, కెపాసిటర్, సెంట్రిఫ్యూగల్ స్విచ్ (మోటారు వేగం అందుకోగానే తనంతట తానే విడిపోయే స్విచ్) ఒకే వరుసలో కలిసి ఉంటాయి కనుక వాటిలో ఏది తెగినా వినిపించే మూలుగు ఒక్కటే. ఈ సెంట్రిఫ్యూగల్ స్విచ్ పాయింట్లు మోటారు ఆగి ఉన్నప్పుడు కలిసి ఉండి, నిమిషానికి 1440 చుట్ల మోటారయితే దాదాపు 1100 చుట్లు దాటేసరికి విడిపోవాలి. చిత్రిక మిషను నుంచి వచ్చే మెత్తని పొట్టు ఫ్యాను గాలితో వెనుక మూతలోకి చేరి, గ్రీజుతో కలిసి నల్లని ముద్దగా గడ్డకడుతుంది. టేకు పొట్టయితే అందులోని నూనె వల్ల మరింత మొండిగా పట్టుకుంటుంది. ఆ ముద్ద పాయింట్లను కలవనీయకపోతే ఆటోనగర్ ఫిర్యాదు, విడిపోనీయకపోతే గుంటూరు ఫిర్యాదు వస్తుంది, ఎందుకంటే స్టార్టింగ్ కెపాసిటర్ కొన్ని క్షణాల కరెంటుకే తయారైనది. బాగున్న మోటారు స్విచ్ ఆపాక వేగం తగ్గుతూ ఉండగా పాయింట్లు తిరిగి కలిసిన 'టక్' శబ్దం వినిపించాలి.

ప్లగ్గు పీకి, కెపాసిటర్‌లో నిలవ ఉన్న కరెంటును బల్బు ద్వారా ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో రెండు కొసలు కలిపే పద్ధతి నాకు నచ్చదు. 100 వాట్ల బల్బు హోల్డరుకు రెండు వైర్లు కట్టి ఎప్పుడూ పెట్టెలో ఉంచుకుంటాను. ఆ తరువాత కెపాసిటర్‌ను విడదీసి, దానికి వచ్చే రెండు వైర్ల మధ్య మీటరును ఓముల్లో పెట్టండి. కొన్ని ఓములు చూపితే దారి బాగుంది, దోషం కెపాసిటర్‌ది కావచ్చు. ఏమీ చూపకపోతే వెనుక మూత తీసి, పాయింట్ల మీదనే కొలవండి. అక్కడ సున్నా వస్తే కాయిల్ తెగినట్టు, రాకపోతే పొట్టు పని. పొడి బ్రష్‌తో దులపండి. కంప్రెసర్ గాలి పొట్టును వైండింగ్‌లోకి తోస్తుంది.

పెద్ద కెపాసిటర్ వేస్తే మోటారు బలంగా లేస్తుందన్న నమ్మకం మాత్రం నన్ను విసిగిస్తోంది. 100 మైక్రోఫారడ్లు (కెపాసిటర్ విలువకు కొలత) రాసి ఉన్నచోట 150 వేస్తే స్టార్టింగ్ కాయిల్‌లో కరెంటు పెరుగుతుంది, రెండు కాయిళ్ల కరెంట్ల మధ్య ఉండవలసిన సమయపు తేడా చెడుతుంది, లాగే బలం పెరగకపోగా తగ్గనూ వచ్చు. కెపాసిటర్ మీద రాసిన వోల్టేజి ఉండవలసిన దానికన్నా తక్కువైతే అది త్వరగా చెడుతుంది. మోటారు నడుస్తున్నంతసేపూ కలిసి ఉండే రన్నింగ్ కెపాసిటర్‌ను స్టార్టింగ్ కెపాసిటర్ స్థానంలో వేస్తే విలువ చాలక మోటారు లేవదు. వేసవి సాయంత్రం 230కి బదులు 180 వోల్టులే వస్తున్నప్పుడు లేచే బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే అది వోల్టేజి వర్గంతో (వోల్టేజిని దానితోనే గుణించిన విలువతో) మారుతుంది. సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు చేసే నష్టమూ ఇదే, దానికి పెద్ద కెపాసిటర్ మందు కాదు. మోటారు పలక మీద ఉన్న విలువే కొనండి.

అభ్యాసం: బాగా నడుస్తున్న మోటారు మీదనే, ప్లగ్గు పీకి, ఈ కొలతలన్నీ తీసి పుస్తకంలో రాసుకోండి. రన్నింగ్, స్టార్టింగ్ కాయిళ్ల ఓములు విడివిడిగా ఉండాలి. టెర్మినల్ పెట్టెలోని వైర్ల చిత్రాన్ని ఒకసారి చూసి గీసి, మరునాడు చూడకుండా గీయండి. వచ్చే పాఠానికి ఆ చిత్రం దగ్గర ఉంచుకోవాలి.