కాశీకి వెళ్తే ఒక్క రోజు పాటకీ, బొమ్మకీ, మగ్గానికీ ఉంచుకోండి

కాశీకి వచ్చే మనవాళ్ళ ప్రయాణం చాలావరకు ఒకేలా సాగుతుంది. గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ హారతి, వీలైతే ఓ రోజు గయ. తొమ్మిది రాత్రులు నిద్ర చేసేవాళ్ళు కూడా మిగతా పొద్దంతా సత్రం గదిలోనే గడిపేస్తుంటారు. నేను కాకినాడ నుంచి వచ్చి ఇక్కడి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సంగీతం చదువుకున్నాను. చుట్టాలెవరు వచ్చినా ఒక రోజు అడిగి తీసుకుని, నాకు ప్రాణమైన కాశీని చూపిస్తాను. ఆ రోజును మీ అంతట మీరే ఎలా గడపొచ్చో రాస్తున్నాను. ఆటోలకీ, టిఫిన్లకీ తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదు.

ఆదివారం, యూనివర్సిటీ సెలవు దినాలు మాత్రం వద్దు. మనం చూడబోయే భారత్ కళాభవన్ మ్యూజియం మూసేసి ఉంటుంది. ఎండాకాలంలో దాని వేళలు మారతాయి కాబట్టి ముందురోజే కనుక్కోండి.

ఇంకా చీకటి ఉండగానే అస్సీ ఘాట్‌కి చేరుకోండి. 2014 నుంచి అక్కడ ‘సుబహ్-ఎ-బనారస్’ జరుగుతోంది. ముందు గంగకు హారతి, వేదపఠనం, యజ్ఞం, ఆ తర్వాత శాస్త్రీయ సంగీతం, చివర్లో యోగా. టికెట్ లేదు. హారతి ఫొటోలు తీసుకోగానే సగం మంది లేచి వెళ్ళిపోతారు. దయచేసి మీరు లేవకండి, అసలు సంగతి అప్పుడే మొదలవుతుంది. ఆ వేళ భైరవ్ రాగం పాడితే మీ అదృష్టం. అవి మన కర్ణాటక సంగీతంలోని మాయామాళవగౌళ రాగం స్వరాలే. చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకున్న వాళ్ళెవరికైనా చెవి ఇట్టే పట్టేస్తుంది. అహిర్ భైరవ్ అయితే మన చక్రవాకం గుర్తుకొస్తుంది. స్వరాలు అవే అయినా నడక వేరు. ఒక్కో స్వరం మీద ఈ హిందుస్తానీ గాయకులు ఎంతసేపు నిలబడతారో గమనించండి.

తబలా వాయించేవారు కనిపించే వైపు కూర్చోండి. మొదలుపెట్టే ముందు చిన్న సుత్తితో కుడి తబలా అంచు చుట్టూ మెల్లగా తడుతూ, వేలితో చర్మం మీద మీటుతూ, గాయకుడి షడ్జంతో, అంటే ‘స’ స్వరంతో కలిసేదాకా శ్రుతి చేస్తారు. ఎక్కడో ఒక మూల రవ్వంత తగ్గితే మళ్ళీ అక్కడికే వస్తారు. ఇది తబలాకి పేరుమోసిన ఊరు. పండిత్ రామ్ సహాయ్‌తో మొదలైన బనారస్ ఘరానా, అంటే తబలా వాదన సంప్రదాయం, ఇక్కడిదే.

టిఫిన్‌కి కచోరీ, కూర, వేడి జిలేబీ. చలికాలమైతే మట్టి ముంతలో అమ్మే ‘మలయ్యో’ అనే పాల నురగ తప్పకుండా తినండి. ఎండెక్కితే దొరకదు.

అక్కణ్ణుంచి ఈ-రిక్షాలో లంక అనే కూడలికి వెళ్ళండి. యూనివర్సిటీ సింహద్వారం అక్కడే. లోపల చాలా దూరం ఉంటుంది, నడవొద్దు. ‘భారత్ కళాభవన్’ అని చెప్తే దింపుతారు. రాయ్ కృష్ణదాస్ 1920లో మొదలుపెట్టిన సంగ్రహాలయం ఇది. 1950లో యూనివర్సిటీకి చేరింది. అన్నీ చూసేయాలనుకోకండి, కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. మూడు చోట్ల ఆగండి చాలు.

ఒకటి, గోవర్ధనధారి కృష్ణుడు. గుప్తుల కాలం నాటి నిలువెత్తు రాతి విగ్రహం, ఈ ఊళ్ళోనే బకరియా కుండ్ దగ్గర దొరికింది. చెయ్యి పైకెత్తి కొండ మోస్తున్నా ఒంట్లో ఎక్కడా బిగువు లేదు. కాస్త దూరంగా నిలబడి ముందు భుజం చూడండి, తర్వాత నడుము. రెండోది, సూక్ష్మచిత్రాల (మినియేచర్ పెయింటింగ్స్) గది. దానికి తొందర పనికిరాదు. ఒకే ఒక్క బొమ్మ ఎంచుకుని చెట్ల ఆకులు, ఓణీ అంచు, వాన గీతలు చూస్తూ అయిదు నిమిషాలు గడపండి. మూడోది, ఆలిస్ బోనర్ గది. ఈ స్విట్జర్లాండ్ కళాకారిణి 1936 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా అస్సీ ఘాట్ ఇంట్లోనే ఉండి మన శిల్పాలను అధ్యయనం చేశారు. పొద్దున్న మీరు కూర్చుని వచ్చింది ఆవిడ ఇంటి పక్కనే.

భోజనం చేసి కాసేపు నడుం వాల్చాక, సాయంత్రానికి ముందు మదన్‌పురా వెళ్ళండి. మన ఆంధ్రాశ్రమం ఉండే పాండే హవేలీ దాని పక్కనే. మనవాళ్ళు అక్కడ దిగి కూడా నేతగాళ్ళ వీధి చూడకుండా వెళ్ళిపోతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆటో అతను చూపించే షాపుకి వెళ్ళొద్దు, అతని కమీషన్ మీ చీర మీదే పడుతుంది. సందుల్లో నడుస్తూ మగ్గం చప్పుడు వినిపించిన చోట ఆగి, చూడొచ్చా అని మర్యాదగా అడగండి. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటారు. పైన చిల్లులున్న జకార్డ్ అట్టల దండ వేలాడుతుంటుంది. ఒక్కో అట్టలోని చిల్లులే ఏ పడుగు పోగు పైకి లేవాలో నిర్ణయిస్తాయి.

చీర కొనాలనుకుంటే బుటా ఉన్న చోట తిప్పి వెనకవైపు చూడండి. ‘కఢువా’ పనిలో ప్రతి బుటాకీ విడిగా చిన్న కండెతో నేస్తారు కాబట్టి వెనక వేలాడే దారాలుండవు. మన ఉప్పాడ జాందానీ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంకో రకంలో జరీని ఈ అంచు నుంచి ఆ అంచుకి విసిరి నేసి, బుటాల మధ్య మిగిలింది కత్తిరిస్తారు. వెనక ఆ కత్తిరింపులు తెలుస్తాయి. అదీ మంచిదే. కానీ కఢువా అని చెప్పి కఢువా ధర అడిగితే ఊరుకోకండి.

సాయంత్రం పాట. యూనివర్సిటీలో సంగీత కళాశాల 1950లో పండిత్ ఓంకార్‌నాథ్ ఠాకూర్ సారథ్యంలో మొదలైంది. వయొలిన్‌తో పాట పాడించిన ఎన్. రాజమ్ గారు దశాబ్దాలపాటు అక్కడే నేర్పారు. పొద్దున్న కళాభవన్‌కి వెళ్ళినప్పుడే ఆ ఫ్యాకల్టీ నోటీసు బోర్డు చూసిరండి. విద్యార్థుల కచేరీ ఉంటే తప్పకుండా కూర్చోండి. భయపడుతూ పాడే పిల్లలకి ఎదురుగా వినేవాళ్ళుండటం ఎంత బలమో నాకు తెలుసు.

ప్రయాణం తేదీలు మీ చేతిలో ఉంటే సంకట్‌మోచన్ హనుమంతుడి గుడిలో జరిగే సంగీతోత్సవానికి రండి. 2023లో దానికి నూరో ఏడు. హనుమజ్జయంతి ఉత్సవమే అయినా, మన ఆంధ్రా లెక్క ప్రకారం వైశాఖంలో వస్తే దొరకదు. చైత్ర పౌర్ణమి దాటిన కొద్ది రోజులకు మొదలై వరసగా రాత్రుళ్ళు తెల్లవార్లూ సాగుతుంది. గుడి ఆవరణలో ఎవరైనా ఉచితంగా వినొచ్చు. ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు, గదిలోనే వదిలేయండి. కింద పరుచుకోడానికి ఒక దుప్పటి తెచ్చుకోండి. ఆ రోజులకి గది మాత్రం లంక, అస్సీ వైపే తీసుకోండి. కచేరీ ముగిసే వేళకి మనవాళ్ళు దిగే కేదార్ ఘాట్ దాకా ఆటో దొరకడం కష్టం.